గేజు మారే చోట

తోర్నియోలో పట్టాలు రెండు రకాలు.
మా వైపు వెడల్పు, నది దాటితే ఇరుకు.
ఎనభై తొమ్మిది మిల్లీమీటర్ల తేడా దగ్గర
ఒక దేశం ఆగి ఇంకో దేశం మొదలవుతుంది.
పగలు ఆ యార్డులోనే చక్రాలు కొలుస్తాను.
రాత్రి ఔలిక్కి గారి వంటింట్లో
ఒక బ్రౌజర్ని ఇటునుంచి అటు దాటిస్తుంటాను.

దానికి బొమ్మల్లేవు, మౌసు లేదు.
ఏడో వరస అంటే ఏడో వరస చదువుతుంది,
అంతకుమించి నోరు విప్పదు.
తప్పు చేస్తే ఒక్క ప్రశ్నార్థకం పడేసి ఊరుకుంటుంది.
"మర్యాదంటే అదీ," అంటుంది ఆవిడ.
ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
ఎవరి గొంతు ఏ రంధ్రంలో గుచ్చాలో
వేళ్ళతోనే తెలుసుకున్న మనిషి.
"వాగే యంత్రాలు బోలెడు చూశాను నాయనా.
అడిగినదానికి మాత్రం జవాబిచ్చేది ఇదొక్కటే."

ఆకురాలే కాలంలో పాత కంప్యూటర్ పొగ వదిలింది.
మునిసిపాలిటీ వాళ్ళు కొత్తది పంపారు.
లోపల విండోస్.
కిటికీలట! పడీ పడీ నవ్వింది ఆవిడ.
నాకెందుకివన్నీ, నీకేమైనా కావాలా రెండు?

మొదటి రాత్రి మూడువందల పన్నెండు తప్పులు.
పాత ఇంట్లో ఒక ప్రాసెస్
తనని తానే రెండు చేసుకునేది:
ఒకటి బయటికెళ్ళి పేజీ పట్టుకొస్తే
ఒకటి ఇంటిపట్టున ఉండేది.
ఇక్కడ ఆ విద్య లేదు.
పుట్టించిన ప్రతిసారీ
పేరూ ఊరూ చిరునామా మొదట్నుంచీ చెప్పుకోవాలి.
దారి రాసేటప్పుడు అటు వాలిన గీత
ఇక్కడ ఇటు వాలుతుంది.
కాఫీ చల్లారింది. కాఫీ మళ్ళీ పెట్టింది. మళ్ళీ చల్లారింది.

అన్నిటికన్నా మొండిది వరస చివర.
అక్కడ వరస ముగియడానికి ఒక గుర్తు చాలు,
ఇక్కడ రెండు.
ఆ అదనపు గుర్తు కనపడదు.
తెరంతా కడిగిన పళ్ళెంలా ఉంది,
అయిపోయిందండీ అన్నాను, కాస్త గర్వంగానే.

ఆవిడ బ్రెయిలీ పట్టీ మీద వేలు జరిపి ఆగింది.
"ప్రతి వరస చివరా గులకరాయి ఉంది, ఎస్కో."
"లేదండీ."
"ఉంది."
"నేను చూస్తూనే ఉన్నాగా!"
"బూటులో రాయి నడిచేవాడికి తెలుస్తుంది గానీ
చూసేవాడికేం తెలుస్తుంది?"

ఆ రాత్రి మా ఇంట్లో తెర ఆర్పేశాను.
హెడ్‌ఫోన్ పెట్టుకుని,
ఆవిడ చదివినట్టే, చెవులతో చదివాను.
మొదట ఊపిరాడలేదు.
ఎక్కడున్నానో తెలియక
ఎన్నిసార్లు ఒకటో వరసకి పరిగెత్తానో.
మూడింటికి వినపడింది.
ప్రతి వరస తర్వాతా గొంతు కొంచెం తడబడుతోంది,
గేజు మారే చోట బోగీ తడబడ్డట్టు.
ముప్పై నాలుగో ఫైలు.
పాత రాతలో కాదు,
తెలివిగా నేను చేర్చిన ఆరు వరసల్లో.

మర్నాడు ఆవిడ అడిగిన మొదటి పేజీ
వార్తలు కాదు, వాతావరణం కూడా కాదు.
నది మీద మంచు మందం.
బ్రౌజర్ ముందు పేజీ బరువు చెప్పింది, ఒక అంకె.
తర్వాత పదకొండో వరస:
ముప్పై ఒక్క సెంటీమీటర్లు.
"నడవొచ్చు," అంది.
అవతలి ఒడ్డు ఎక్స్ఛేంజిలో కూర్చున్న గున్వోర్ని
ముప్పై ఏళ్ళు తీగ చివర విన్నదట,
చెయ్యి మాత్రం ఒక్కసారీ పట్టుకోలేదట.
వంతెన ఉందిగా అన్నాను.
"వంతెన అందరికీ ఉంది."

ఇంకా ఒకటి మిగిలింది.
గున్వోర్ ఇంటిపేరు మొదట్లో
నెత్తిన సున్నా పెట్టుకున్న స్వీడిష్ అక్షరం
రెండు ముక్కలై వస్తోంది,
రెండూ వేరే ఎవరివో అక్షరాలు.
రేపు చూస్తానండీ అని లేచాను.
మా గడియారంలో పన్నెండు దాటి అయిదు నిమిషాలు.
నది అవతల ఇంకా పదకొండే.
"ఏ ఒడ్డు రేపు?" అంది ఆవిడ,
వేలు ఆ ముక్కల మీదే ఉంచి.